గ్రీసుకు 10,700 కోట్ల యూరోల అప్పు కొట్టేశారు కదా, మరి అప్పు ఎందుకు తగ్గలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2012లో గ్రీసు అప్పులో సగానికి పైగా మాఫీ చేశారని చదివారు, వేల కోట్ల యూరోల సాయం కూడా ఇచ్చారని విన్నారు. అయినా అప్పు జీడీపీలో 180 శాతానికి ఎలా ఎగబాకింది, ఆ డబ్బంతా ఎటు పోయింది? దాంతోపాటు మన రాష్ట్రాలు కూడా గ్రీసు అయిపోతాయని టీవీ చర్చల్లో అంటున్న మాట నిజమేనా?

ముందు సూటిగా జవాబు. మాఫీ అయింది మొత్తం అప్పు కాదు, ప్రైవేటు మదుపరుల చేతిలో మిగిలిన బాండ్లు మాత్రమే. ఆ మాఫీ దెబ్బకు కూలిన సొంత బ్యాంకులను నిలబెట్టడానికి గ్రీసు మళ్లీ అప్పు చేసింది. ఇక అప్పు శాతం పెరగడానికి అసలు కారణం అప్పు పెరగడం కాదు, జీడీపీ నాలుగో వంతు కరిగిపోవడం. సాయం పేరుతో వచ్చిన డబ్బులో సింహభాగం పాత అప్పులకు, వడ్డీలకు, బ్యాంకులకు పోయింది. గ్రీసు ప్రభుత్వం ఖర్చుకు మిగిలింది కొద్దే.

జీడీపీ కరిగిన సంగతి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది తడబడేది అక్కడే. 2009 చివరికి గ్రీసు అప్పు సుమారు 30,100 కోట్ల యూరోలు, జీడీపీ సుమారు 23,800 కోట్లు. అంటే 127 శాతం. 2014 చివరికి అప్పు సుమారు 31,900 కోట్లు, జీడీపీ సుమారు 17,800 కోట్లు. అంటే 180 శాతం. అప్పు పెరిగింది ఆరు శాతమే చూడండి. 2014లోనూ జీడీపీ 23,800 కోట్ల దగ్గరే నిలిచి ఉంటే అదే అప్పు 134 శాతంగా కనిపించేది. మిగతా పెరుగుదలంతా హారం, అంటే జీడీపీ, చిక్కిపోవడం వల్ల వచ్చిందే.

ఇక్కడిదాకా ఎలా వచ్చింది

గ్రీసులో సైనిక పాలన 1974లో పోయింది. 1981 జనవరి 1న గ్రీసు అప్పటి యూరోపియన్ ఆర్థిక సముదాయంలో (నేటి యూరోపియన్ యూనియన్, ఈయూ) చేరింది, అదే ఏడాది అక్టోబరులో ఆంద్రేయాస్ పపాండ్రేయు నాయకత్వంలో పాసోక్ పార్టీ గెలిచింది. 1980లో జీడీపీలో నాలుగో వంతు దరిదాపుల్లో ఉన్న అప్పు 1990ల నడిమికల్లా నూరు శాతం దగ్గరకు చేరింది. ఉద్యోగాలు, పింఛన్లు, రక్షణ కొనుగోళ్లు అన్నీ పెరిగాయి, పన్ను వసూలు మాత్రం వాటి వెంట నడవలేదు. ఇందులో పాసోక్ ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. తర్వాత వచ్చిన న్యూ డెమోక్రసీ కూడా అదే దారి పట్టింది. 2009 నాటి లోటు ఆ పార్టీ హయాంలో మొదలైందే.

2001లో యూరోలో చేరాక (గ్రీసు పాత కరెన్సీ 340.75 ద్రాక్మాలకు ఒక యూరో చొప్పున) మార్కెట్ గ్రీసు బాండ్లను దాదాపు జర్మనీ బాండ్లతో సమానంగా చూసింది. వడ్డీ భారం తగ్గిన ఆ ఏళ్లలో అప్పు తీర్చుకోవాల్సింది పోయి ఖర్చు పెంచారు. 2008 నాటికి కరెంటు ఖాతా లోటు జీడీపీలో 15 శాతం దగ్గరకు వచ్చింది. దేశం మొత్తం సంపాదన కన్నా వాడకం అంత ఎక్కువన్నమాట.

2009 అక్టోబరులో జార్జ్ పపాండ్రేయు గెలవగానే ఆ ఏడాది లోటు ముందు చెప్పినదానికి రెట్టింపు పైగా ఉందని ఆర్థిక మంత్రి పపాకాన్‌స్తాంతీను ఒప్పుకున్నారు. ఈయూ గణాంక సంస్థ యూరోస్టాట్ చివరకు తేల్చిన అంకె 15 శాతం పైమాటే. ఆ లెక్క సరిచేసిన గ్రీసు గణాంక సంస్థ అధిపతి ఆంద్రేయాస్ యొర్యూ మీదే తర్వాత ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. గ్రీసు రాజకీయం ఎలాంటిదో తెలియాలంటే ఆ ఒక్క ఉదంతం చాలు.

రెండు అపోహలు. ఒకటి, 2004 ఒలింపిక్స్ దేశాన్ని ముంచిందని. అధికారిక లెక్క ప్రకారం వాటి ఖర్చు 900 కోట్ల యూరోల దరిదాపు. 30,100 కోట్ల అప్పులో అది మూడు శాతం. దండగ ఖర్చే కావచ్చు, కారణం మాత్రం కాదు. రెండోది, గ్రీకులు సోమరులని. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లో ఐరోపాలో ఏడాదికి ఎక్కువ గంటలు పనిచేసేవాళ్లలో గ్రీకులు ముందుంటారు. సమస్య గంటలది కాదు. చిన్న చిన్న కుటుంబ వ్యాపారాలు, తక్కువ ఉత్పాదకత, బిల్లు లేని లావాదేవీలు, వీటిది.

2010లోనే ఎందుకు మాఫీ చేయలేదు

నా దృష్టిలో అసలు పొరపాటు ఇదే. 2010 ఏప్రిల్ 23న పపాండ్రేయు కాస్టెలోరిజో అనే చిన్న దీవి నుంచి సాయం కోరారు. మే 2న 11,000 కోట్ల యూరోల ప్యాకేజీ కుదిరింది. అందులో 8,000 కోట్లు యూరో దేశాలవి, 3,000 కోట్లు అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐఎంఎఫ్‌వి. అప్పు తీర్చలేని స్థాయిలో ఉందని చాలామందికి అనుమానం ఉన్నా బాండ్ల జోలికి పోలేదు. గ్రీసు బాండ్లు ఫ్రాన్సు, జర్మనీ బ్యాంకుల దగ్గర దండిగా ఉన్నాయి, అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. అందరికీ భయం.

ఫలితం ఏమిటంటే, 2010 మే నుంచి 2012 మార్చి దాకా గడువు తీరిన ప్రతి బాండుకూ నూటికి నూరు చెల్లించారు, అదీ సాయం డబ్బుతో. బ్యాంకు వాయిదా కట్టడానికి బంధువుల దగ్గర చేబదులు తెచ్చినట్టు. అప్పు తగ్గలేదు, అప్పిచ్చినవాళ్లు మారారు. తీరా మాఫీ చేసే రోజుకు కోత పెట్టగలిగిన ప్రైవేటు అప్పు బాగా తగ్గిపోయింది, కోత పెట్టరాని ప్రభుత్వాల అప్పు పెరిగింది.

2012 మార్చి మాఫీ ఎలా జరిగింది

ప్రైవేటు చేతుల్లో మిగిలిన బాండ్లు సుమారు 20,600 కోట్ల యూరోలు. 100 యూరోల బాండు ఉన్నవాడికి ఇచ్చింది ఇది: 15 యూరోల విలువైన స్వల్పకాలిక ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ నోట్లు (యూరో దేశాల ఉమ్మడి సాయ నిధి జారీ చేసినవి, దాదాపు నగదే), 31.5 యూరోల ముఖవిలువ గల కొత్త గ్రీసు బాండ్లు (2023 నుంచి 2042 మధ్య గడువు తీరేవి, వడ్డీ 2 శాతంతో మొదలై మెల్లగా పెరిగేది), జీడీపీ బాగా పెరిగితే ఏదో కొంత ఇచ్చే ఒక పత్రం. మిగతా 53.5 యూరోలు పోయినట్టే. కొత్త బాండ్లకు మార్కెట్లో పలికిన ధర కూడా కలిపి చూస్తే నష్టం నూటికి 75 దాకా ఉంది.

ఇక్కడ చట్టం చేసిన పని చాలామంది గమనించరు. ఆ బాండ్లలో అత్యధికం గ్రీసు చట్టం కింద జారీ అయినవి. కాబట్టి పార్లమెంటు 2012 ఫిబ్రవరిలో ఒక చట్టం చేసి, నిర్ణీత మెజారిటీ ఒప్పుకుంటే మిగతావాళ్లు కూడా కట్టుబడాలనే నిబంధనను పాత బాండ్లకు వెనక తేదీ నుంచి తగిలించింది. గ్రీసు చట్టం కింది బాండ్లలో 85.8 శాతం స్వచ్ఛందంగా వచ్చాయి, మిగిలినవాటిని ఆ నిబంధనతో లాగేశారు. విదేశీ చట్టం కింద ఉన్న బాండ్లకు ఈ ఎత్తు పారలేదు. వాటిలో మొండికేసినవాళ్లకు పూర్తి సొమ్ము దక్కింది. 2012 మే 15న అలాంటి ఒక బాండుకు 43.5 కోట్ల యూరోలు పైసా తగ్గకుండా చెల్లించారు. ఏ దేశం బాండైనా కొనేటప్పుడు వడ్డీ కన్నా ముందు ఏ దేశపు చట్టం కింద జారీ అయిందో చూడమని బాండ్ల పనిలో ఉన్న మేం అందుకే చెబుతాం.

మరి 10,700 కోట్లు కొట్టేసినా అప్పు ఎందుకు అంత తగ్గలేదు? మూడు చిల్లులు.

మొదటిది బ్యాంకులు. ఆ బాండ్లు ఎక్కువగా కొన్నది గ్రీసు బ్యాంకులే. వాటి నష్టం 3,800 కోట్ల యూరోల దాకా వచ్చింది, మూలధనం తుడిచిపెట్టుకుపోయింది. వాటిని నింపడానికి ప్రభుత్వం ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ నుంచి సుమారు 4,800 కోట్లు అప్పు తెచ్చింది. కుడి చేత్తో పోయిన అప్పు ఎడమ చేత్తో తిరిగొచ్చింది. సైప్రస్ బ్యాంకులకూ ఇదే దెబ్బ తగిలింది. 2013 మార్చిలో అక్కడ పెద్ద డిపాజిట్లకు కోత పడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండోది పింఛను నిధులు. వాటి దగ్గరున్న బాండ్లకూ కోత పడింది. అయితే ఈయూ లెక్కల ప్రకారం ప్రభుత్వంలో ఒక విభాగం మరో విభాగానికి ఉన్న బాకీ ముందే అప్పు కిందికి రాదు. అందువల్ల పింఛను నిధుల సొమ్ము పోయింది, అప్పు అంకె మాత్రం ఒక్క యూరో కూడా తగ్గలేదు. ఆ నష్టం తర్వాత పింఛనుదార్ల మీదే పడింది.

మూడోది కోతకు దొరకని బాండ్లు. యూరోపియన్ కేంద్ర బ్యాంకు (ఈసీబీ) 2010 నుంచి కొన్న గ్రీసు బాండ్లను మార్పిడికి ముందే కొత్త వరుస నంబర్లతో వేరుచేసి పక్కనపెట్టారు. ఐఎంఎఫ్ బాకీ ఎలాగూ ముట్టుకోరు, యూరో దేశాల అప్పులోనూ అసలు తగ్గించలేదు.

ఇన్ని చిల్లులున్నా 2011లో 172 శాతం ఉన్న అప్పు 2012 చివరికి 160 శాతం చుట్టూ దిగింది. మరుసటి ఏడాదికే మళ్లీ 178 దగ్గరకు పోయింది, జీడీపీ ఇంకా పడిపోతూనే ఉంది కాబట్టి.

జీడీపీ అంతలా ఎందుకు పడింది

సొంత కరెన్సీ ఉన్న దేశమైతే రూపాయి విలువ తగ్గినట్టు ద్రాక్మా విలువ తగ్గి ఎగుమతులు, పర్యాటకం కొంత ఆదుకునేవి. యూరోలో ఆ దారి లేదు. కాబట్టి జీతాలు, ధరలు నేరుగా తగ్గించాలన్నారు. 2012 ఫిబ్రవరిలో కనీస వేతనాన్ని 22 శాతం కోసి నెలకు 751 నుంచి 586 యూరోలకు, పాతికేళ్ల లోపు వాళ్లకు 511కు దించారు. అది తిరిగి 751 దాటింది 2023లో. వ్యాట్ 19 నుంచి 2010లోనే రెండు విడతల్లో 23కు పోయింది, 2016లో 24 అయింది. 2011లో కొత్త ఆస్తి పన్నును కరెంటు బిల్లులో కలిపి వసూలు చేశారు. పన్నుల శాఖ మీద ప్రభుత్వానికే ఎంత నమ్మకం ఉందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక్కడ లెక్క తప్పింది. ఖర్చు ఒక యూరో తగ్గిస్తే జీడీపీ అర యూరో తగ్గుతుందనే అంచనాతో సాయం షరతుల కార్యక్రమం రాశారు. సంక్షోభ కాలంలో అది 0.9 నుంచి 1.7 దాకా ఉందని ఐఎంఎఫ్ ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాంషార్, డేనియల్ లీ తర్వాత తేల్చారు. 2012లో నిరుద్యోగం 15 శాతం ఉంటుందనుకుంటే 25 శాతం వచ్చింది, 2013లో 27.5కు చేరింది. కార్యక్రమంలో చెప్పుకోదగ్గ వైఫల్యాలున్నాయని 2013 జూన్‌లో ఐఎంఎఫ్ తన సొంత సమీక్షలోనే రాసుకుంది. ఆ ఒప్పుకోలు వల్ల షరతులేమీ సడలలేదు, అది వేరే సంగతి.

కోత అసలు వద్దనే వాదన కూడా నిలవదు. 2009లో వడ్డీలు పక్కనపెట్టినా లోటు జీడీపీలో 10 శాతం. సాయం లేకుండా 2010లో చేతులెత్తేసి ఉంటే ఆ పది శాతాన్ని ఒక్క రోజులో కోయాల్సి వచ్చేది. గొడవంతా కోత వేగం గురించీ, బాండ్లు పట్టుకున్నవాళ్లు అందులో ఎంత మోయాలన్నదాని గురించీ.

డబ్బు ఎటు పోయింది

మూడు విడతల సాయం కార్యక్రమాల్లో కలిపి గ్రీసుకు చేరింది 28,870 కోట్ల యూరోలు. యూరో దేశాల నేరు అప్పు 5,290 కోట్లు, ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ 14,180 కోట్లు, ఈఎస్‌ఎం (దాని తర్వాత వచ్చిన శాశ్వత నిధి) 6,190 కోట్లు, ఐఎంఎఫ్ 3,210 కోట్లు. మొదటి రెండు కార్యక్రమాల్లోని 21,590 కోట్లను బెర్లిన్‌లోని ఈఎస్‌ఎంటీ బిజినెస్ స్కూలు 2016లో పద్దుల వారీగా విడదీసి చూసింది. ప్రభుత్వ బడ్జెట్టుకు నేరుగా చేరింది 970 కోట్లేనని, అంటే ఐదు శాతం లోపేనని తేల్చింది. ఈ అంకెను పట్టుకుని 'గ్రీసుకు ఏమీ ఇవ్వలేదు' అనేవాళ్లున్నారు. అదీ సగం నిజమే. తీర్చిన అప్పులు గ్రీసువే, నిలబెట్టిన బ్యాంకుల్లో ఉన్నది గ్రీకుల డిపాజిట్లే.

2015లో జరిగింది

దీన్ని రాజకీయ నాటకంగా చెబుతారు గానీ, నిజానికి బ్యాంకులకు నగదు ఎవరిస్తారన్న గొడవ ఇది. 2015 జనవరి 25న సిరిజా అనే వామపక్ష పార్టీ గెలిచి అలెక్సిస్ సిప్రాస్ ప్రధాని అయ్యారు. ఫిబ్రవరి 4న ఈసీబీ ఇకపై గ్రీసు ప్రభుత్వ బాండ్లను తాకట్టుగా తీసుకోనని ప్రకటించింది. దాంతో బ్యాంకులు 0.05 శాతం వడ్డీ మామూలు రుణం వదిలి 1.55 శాతం వడ్డీ ఉన్న అత్యవసర రుణానికి మారాయి. ఆ అత్యవసర రుణానికి పైపరిమితి ఉంటుంది, దాన్ని ఫ్రాంక్‌ఫర్టులోని ఈసీబీ ఎప్పటికప్పుడు పెంచాలి. జనం డిపాజిట్లు తీసేకొద్దీ పరిమితి పెరుగుతూ జూన్ చివరికి 8,900 కోట్ల యూరోల దాకా వచ్చింది.

జూన్ 26 అర్ధరాత్రి దాటాక అప్పిచ్చినవాళ్ల షరతులు ఒప్పుకోవాలా వద్దా అన్నదాని మీద సిప్రాస్ రెఫరెండం (ప్రజల ఓటింగు) ప్రకటించారు. 28న ఈసీబీ పరిమితిని ఇక పెంచనంది. 29న బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. 20 యూరోల నోట్లు అయిపోయిన చోట చేతికొచ్చింది 50. కార్డులు లేని పింఛనుదార్ల కోసం కొన్ని శాఖలు తెరిచి 120 యూరోల చొప్పున ఇచ్చారు. దిగుమతిదారు విదేశానికి చెల్లించాలంటే కమిటీ అనుమతి కావాలి. జూన్ 30న ఐఎంఎఫ్ వాయిదా తప్పింది. జూలై 5న 61.3 శాతం మంది 'వద్దు' అన్నారు, మర్నాడే ఆర్థిక మంత్రి వరుఫాకిస్ తప్పుకున్నారు, జూలై 13 ఉదయం సిప్రాస్ అంతకన్నా కఠినమైన షరతులకు ఒప్పుకున్నారు. 8,600 కోట్ల దాకా మూడో కార్యక్రమం అలా వచ్చింది. నగదు లేని బ్యాంకులతో ఇంకో నెల గడపాలంటే సొంత కరెన్సీ ముద్రించుకోవాల్సిందే. దానికి జనమూ సిద్ధంగా లేరు, ప్రభుత్వమూ లేదు. డబ్బు తీయడం, విదేశాలకు పంపడం మీద పెట్టిన ఈ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 2019 సెప్టెంబరు 1న.

ఇప్పుడెలా ఉంది

2018 ఆగస్టు 20న కార్యక్రమం ముగిసింది. 2020లో కోవిడ్ వల్ల అప్పు 200 శాతం దాటింది, 2024 చివరికి 154 దగ్గరకు దిగింది. యూరోల్లో చూస్తే ఈ నాలుగేళ్లలో అప్పు కొంత పెరిగిందే గానీ తగ్గలేదు. పర్యాటకం తేరుకుంది, ద్రవ్యోల్బణం వచ్చింది, జీడీపీ యూరోల్లో మళ్లీ 2009 నాటి అంకె దగ్గరకు చేరింది. హారం చిక్కినప్పుడు పెరిగిన శాతం హారం బలిస్తే తగ్గింది. 2023 అక్టోబరులో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ మళ్లీ పెట్టుబడికి తగిన రేటింగ్ ఇచ్చింది.

ఇళ్లలోకి ఆ మేలు అంతగా రాలేదు. ధరల తేడాలు సర్ది తలసరి ఆదాయం చూస్తే గ్రీసు ఈయూలో అట్టడుగు దేశాల సరసనే ఉంది. సంక్షోభ కాలంలో వెళ్లిపోయిన నాలుగు లక్షల పైచిలుకు మందిలో చదువుకున్న యువతే ఎక్కువ. రాజకీయంగా చూస్తే, 2009లో దాదాపు 44 శాతం ఓట్లు తెచ్చుకున్న పాసోక్ 2015 జనవరిలో 4.7 శాతానికి పడిపోయింది.

మన రాష్ట్రాల సంగతి

ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ గ్రీసు తరహాలో కూలే అవకాశం దాదాపు లేదు. రాష్ట్రాలకు సొంత కరెన్సీ లేదు, ఆ పోలిక వరకు నిజమే. కానీ కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి, కాబట్టి లోటును ఏళ్ల తరబడి దాచడం కష్టం. బడ్జెట్ బయట కార్పొరేషన్ల పేరిట చేసిన అప్పులు దీనికి మినహాయింపుగా ఉండేవి, వాటినీ పరిమితిలో కలిపి చూడటం 2022 నుంచి మొదలైంది. కేంద్రం పంచే పన్నుల్లో 41 శాతం ఫైనాన్స్ కమిషన్ సూత్రం ప్రకారం రాష్ట్రాలకు వస్తుంది. ఈయూ బడ్జెట్టేమో సభ్య దేశాల మొత్తం ఆదాయంలో ఒక శాతం చుట్టూ ఉంటుంది. అన్నింటికన్నా ముఖ్యం, విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న బ్యాంకు శాఖ భద్రత రాష్ట్ర ఖజానా మీద ఆధారపడదు. గ్రీసులో బ్యాంకులూ ప్రభుత్వమూ ఒకదాన్నొకటి పట్టుకుని మునిగాయి.

మన దగ్గర ఒత్తిడి వేరే రూపంలో బయటపడుతుంది: కాంట్రాక్టర్ల బిల్లుల బకాయిలు, ఆలస్యమయ్యే జీతాలు, రిజర్వు బ్యాంకు దగ్గర తరచూ ఓవర్‌డ్రాఫ్టు. ఈ బకాయిల విషయంలో మాత్రం గ్రీసుతో పోలిక సరైనదే. అక్కడ కూడా ఆసుపత్రుల సరఫరాదార్లకు ఏళ్ల తరబడి డబ్బు ఆపారు, ఆ బకాయిలు అప్పు అంకెలో వెంటనే కనిపించలేదు. టీవీలో అప్పు శాతం చెప్పినప్పుడు బకాయి బిల్లులు, గ్యారంటీలు అందులో ఉన్నాయో లేదో అడగండి.

గ్రీసు అప్పును ఇక ముందు గమనించాలనుకుంటే 154 అనే అంకె కన్నా ఏటా ఎంత తీర్చాలన్నది చూడండి. అప్పులో అధికభాగం ఇతర ప్రభుత్వాలదీ, వాటి సంస్థలదీ, సగటు గడువు ఇరవై ఏళ్ల దరిదాపు, వడ్డీ తక్కువ. 2018 జూన్ ఒప్పందంలో సుమారు 9,600 కోట్ల ఈఎఫ్‌ఎస్‌ఎఫ్ అప్పు మీద వడ్డీ, వాయిదాలు 2032 దాకా వెనక్కి జరిపారు. ఐఎంఎఫ్ బాకీ 2022లోనే ముందుగా తీర్చేశారు, యూరో దేశాల నేరు అప్పునూ ముందస్తుగా కొంత కొంత తీరుస్తున్నారు. వెనక్కి జరిపిన ఆ వడ్డీ 2033 నుంచి కట్టాల్సిన పద్దులోకి వస్తుంది.